లాయరును తప్పించారు, రాజీ కూడా తప్పిపోయింది

ఇంగ్లండ్, వేల్స్‌లో చాలాకాలం పాటు ఒక పద్ధతి నడిచింది. చేతిలో డబ్బు అంతగా లేని భార్యాభర్తల కాపురం చెడితే, ఇద్దరిలో ఒకరు ముందుగా దగ్గర్లోని సొలిసిటర్ (సలహా చెప్పి, కాగితాలు చూసే లాయరు) ఆఫీసు మెట్లెక్కేవారు. ఆదాయం పరిమితిలో ఉంటే ఆ ఖర్చును ప్రభుత్వం భరించేది. ఇల్లు ఎవరికి, పిల్లలు వారంలో ఎన్ని రోజులు ఎవరి దగ్గర, భరణం ఎంత, ఉమ్మడి అప్పు ఎవరు తీర్చాలి అనే ప్రశ్నలకు చట్టం తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని సమాధానం చెప్పేవాడు. 2013 ఏప్రిల్ 1న ఆ తలుపు మూసుకుంది. ఆ రోజు నుంచి విడాకులు, ఆస్తి పంపకం, పిల్లల సంరక్షణ వంటి కుటుంబ తగాదాలకు లీగల్ ఎయిడ్, అంటే ప్రభుత్వ ఖర్చుతో దొరికే న్యాయ సాయం, దాదాపుగా ఆగిపోయింది. గృహహింసకు గురైనట్టు కాగితాలు చూపించగలిగినవారికి, పిల్లల మీద వేధింపులకు ఆధారాలున్న కొన్ని కేసులకు మాత్రం మినహాయింపు ఉంచారు. మధ్యవర్తి ముందు ఇద్దరూ కూర్చుని రాజీకి ప్రయత్నించే మీడియేషన్‌కు సాయం కొనసాగించారు.

ఈ మార్పు తెచ్చిన చట్టం 2012లో వచ్చింది. దాని పొడవాటి పేరును కుదించి అక్కడి లాయర్లు ‘లాస్పో’ అంటారు. ఆ చట్టం వల్ల ఏం జరిగిందో చూస్తే, విడాకుల్లో లాయరు పని ఏమిటనే విషయంలో చాలామందికి ఉన్న అభిప్రాయం తలకిందులవుతుంది. గొడవ పెంచేది లాయరేనని, అతన్ని పక్కకు తప్పిస్తే ఆలుమగలు కూర్చుని మాట్లాడుకుంటారని చట్టం చేసినవాళ్లు నమ్మారు. జరిగింది అది కాదు.

బ్రిటన్‌లో లీగల్ ఎయిడ్ పుట్టుకకు విడాకులతో దగ్గరి సంబంధమే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి విడిపోవాలనుకునే జంటలు ఒక్కసారిగా పెరిగాయి. సైన్యం నుంచి తిరిగి వచ్చినవాళ్లలో లాయరు ఫీజు కట్టగలిగినవాళ్లు కొద్దిమందే. న్యాయ సాయం గురించి పరిశీలించిన రష్‌క్లిఫ్ కమిటీ 1945లో నివేదిక ఇచ్చింది, 1949లో చట్టం వచ్చింది. ఉచిత వైద్యం, సామాజిక బీమా లాగే న్యాయ సలహా కూడా పౌరుడికి అందాలన్న ఆలోచన ఆ కాలానిది. మొదటి ఏళ్లలో ఈ పథకం సొమ్ములో పెద్ద వాటా వివాహ కేసులకే వెళ్లింది.

2010లో కొత్త ప్రభుత్వం వచ్చేసరికి లీగల్ ఎయిడ్ మొత్తం ఖర్చు ఏడాదికి సుమారు 2 బిలియన్ పౌండ్లు దాటింది. ఆర్థిక మాంద్యం తర్వాతి పొదుపు రోజులవి. న్యాయశాఖ తన వంతుగా ఏడాదికి 350 మిలియన్ పౌండ్లు తగ్గిస్తానని లెక్క కట్టింది. జైలుకు వెళ్లే ప్రమాదం ఉన్నవాడికి లాయరు లేకుండా చేయడం కుదరదు. బిడ్డను ప్రభుత్వం తీసుకెళ్లే కేసులో తల్లిదండ్రులకు లాయరును ఆపడమూ కుదరదు. మిగిలినవాటిలో పెద్ద పద్దు కుటుంబ తగాదాలు. అది వాళ్ల సొంత గొడవ, వాళ్లే తేల్చుకోవాలి, పన్ను కట్టేవాళ్ల డబ్బు దానికెందుకు అన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది. పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ ఈ బిల్లు మీద పదిసార్లకు పైగా ప్రభుత్వాన్ని ఓడించింది. అయినా చట్టం స్వరూపం పెద్దగా మారలేదు.

ఆ వాదనలో ఎవరూ పెద్దగా ప్రస్తావించని సంగతి ఒకటుంది. కుటుంబ కేసుల్లో లీగల్ ఎయిడ్ చాలాసార్లు దానం కాదు, అప్పు. కేసు వల్ల ఇంట్లోనో ఆస్తిలోనో వాటా వస్తే ప్రభుత్వం పెట్టిన లాయరు ఖర్చును అందులోంచి తిరిగి కట్టాలి. ఇల్లు అమ్మేదాకా ఆగుతామంటే ఆ మొత్తం ఇంటి మీద తాకట్టులా నిలిచిపోయేది, దాని మీద ఏడాదికి 8 శాతం వడ్డీ కూడా పడేది. అంటే కాపురం చెడినవాళ్లకు ఖజానా నుంచి ఉచితంగా పంచిపెడుతున్నారన్న మాటలో సగమే నిజం. చేతిలో పైసా లేని రోజున లాయరు దొరకడానికి అప్పిచ్చి, ఆస్తి చేతికొచ్చాక వసూలు చేసుకునే ఏర్పాటు అది. ఆ అప్పు పుట్టే చోటు కూడా పోయింది.

మీడియేషన్ విషయంలో వేసిన అంచనా తప్పిన తీరు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైంది. లాయర్లకు డబ్బు ఆపి మీడియేషన్‌కు మాత్రం ఇస్తే జనం అటు వెళతారన్నది ప్రభుత్వ లెక్క. ఎంత పెరుగుతుందో కూడా అంచనా వేశారు: 74 శాతం. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2014 నవంబర్‌లో లెక్క తీస్తే, మొదటి ఏడాదిలో మీడియేషన్లు 38 శాతం తగ్గాయని తేలింది. మీడియేషన్‌కు వెళ్లే ముందు జరిగే పరిచయ సమావేశాలు ప్రభుత్వ ఖర్చుతో ఏడాదికి 30 వేలకు పైగా జరిగేవి. ఒక్క ఏడాదిలో అవి సుమారు 13 వేలకు పడిపోయాయి. ఎన్నో మీడియేషన్ కేంద్రాలకు పని లేకుండా పోయింది.

కారణం చాలా మామూలుది. మీడియేటర్ దగ్గరికి జనాన్ని పంపుతున్నది లాయర్లే. లీగల్ ఎయిడ్‌తో కోర్టుకు వెళ్లాలంటే అంతకుముందు మీడియేషన్ పనికొస్తుందేమో చూసి రావాలన్న నిబంధన ఉండేది. సొలిసిటర్ దగ్గరికి కోపంతో వచ్చిన మనిషికి ఆ సొలిసిటరే చీటీ రాసిచ్చి అటు పంపేవాడు. లాయరు పోయాక ఆ చీటీ రాసేవాళ్లు లేరు. మీడియేషన్ అనేది ఒకటుందని, తక్కువ ఆదాయం ఉంటే అది ఉచితమని, ఇద్దరిలో ఒక్కరికి అర్హత ఉన్నా మొదటి సమావేశానికి రెండోవారు కూడా డబ్బు కట్టక్కర్లేదని తెలిసిన జంటలు ఎన్ని ఉంటాయి? లీగల్ ఎయిడ్ ఆగిపోయిందన్న వార్త మాత్రం అందరికీ చేరింది. ఇక ఏ సాయమూ లేదనుకున్నవాళ్లు నేరుగా కోర్టులో దరఖాస్తు పడేశారు.

దీని వెనక ఇంకొంచెం లోతైన విషయం కూడా ఉంది. విడిపోతున్న మనిషి మొదటి నెలల్లో స్థిమితంగా ఉండడు. మోసపోయానన్న బాధ, పిల్లలు దూరమవుతారన్న భయం, అత్తింటివాళ్ల మాటలు, పుట్టింటివాళ్ల సలహాలు అన్నీ కలిసి బుర్ర వేడెక్కి ఉంటుంది. ఆ సమయంలో, “మీరు అడుగుతున్నది ఏ జడ్జీ ఇవ్వడు, దీని కోసం ఏడాది తిరగకండి” అని చెప్పగలిగే మనిషి ఒకడు కావాలి. అన్నదమ్ములు చెబితే వినరు, స్నేహితులు చెప్పరు. సొంత లాయరు చెబితే వింటారు, ఎందుకంటే అతను తమవైపు మనిషి. అనుభవం ఉన్న కుటుంబ లాయర్లు చేసే పనిలో చాలా భాగం ఇదే: ఆశ తగ్గించడం, అసలు విషయం మీదికి తీసుకురావడం, అవతలి లాయరుకు ఫోన్ చేసి నాలుగు మాటల్లో తేల్చేయడం. అవతలి పక్షం చెబితే లొంగిపోవడమనిపించే విషయం తన లాయరు చెబితే తెలివైన పని అనిపిస్తుంది. లీగల్ ఎయిడ్‌లో కోత పెట్టినవాళ్లు లాయరును కోర్టులో వాదించే మనిషిగానే చూశారు. కోర్టు దాకా రాకుండా ఆగిపోయిన కేసులు ఏ లెక్కల్లోనూ కనిపించవు కాబట్టి, ఆ పని విలువ బడ్జెట్ కాగితం మీద సున్నా.

2014 ఏప్రిల్ నుంచి కోర్టులో దరఖాస్తు చేసేముందు మీడియేషన్ పరిచయ సమావేశానికి వెళ్లి తీరాలని, మినహాయింపులు తప్ప, చట్టంలోనే రాశారు. పంపే మనిషిని తీసేసి, వెళ్లి తీరాలన్న నిబంధన తెచ్చారన్నమాట. దరఖాస్తు పెట్టేవారికి ఆ నిబంధన వర్తించింది. రెండోవారు రాకపోతే మాత్రం అక్కడితో ఆగిపోయేది.

ఇక కోర్టుల్లో ఏం జరిగిందో అంకెల్లోనే కనిపిస్తుంది. తల్లిదండ్రుల మధ్య పిల్లల గురించి నడిచే కేసులు, ఆ కోవలోని ఇతర ప్రైవేటు కుటుంబ కేసుల్లో 2013 మొదట్లో ఇద్దరికీ లాయర్లున్నవి సుమారు 40 శాతం. ఇద్దరికీ లాయరు లేనివి 13, 14 శాతం. పదేళ్లు తిరిగేసరికి ఈ రెండు అంకెలూ దాదాపుగా చోటు మార్చుకున్నాయి. ఎవరికీ లాయరు లేని కేసులు 40 శాతం దగ్గరికి వచ్చాయి, ఇద్దరికీ ఉన్నవి 20 శాతం దగ్గరికి పడిపోయాయి. ఇలాంటి కేసు మొదలై ముగియడానికి 2023లో సగటున 40 వారాలకు పైగా పట్టింది. ఆలస్యానికి కోవిడ్, జడ్జీల కొరత కూడా కారణాలే. కానీ లాయర్లు లేని వాయిదా ఎలా నడుస్తుందో చూసినవారికి మిగతాది అర్థమవుతుంది.

కోర్టు వరండాలో ఒకప్పుడు కనిపించే దృశ్యం వేరు. ఉదయం పదింటికి వాయిదా అయితే తొమ్మిదింటికే ఇద్దరు లాయర్లు వచ్చేవారు. క్లయింట్లు చెరో గదిలో కూర్చుంటే, వీళ్లు వరండాలో నిలబడి కాగితం మీద గీతలు గీస్తూ మాట్లాడుకునేవారు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలు ఎవరి దగ్గర, శుక్రవారం సాయంత్రం స్కూలు నుంచి ఎవరు తీసుకెళ్లాలి అనేవి అక్కడే తెగేవి. జడ్జి ముందుకు వెళ్లేసరికి పదింట్లో ఏడెనిమిది ఒప్పుకున్న అంశాలుగా ఉండేవి. ఇప్పుడు అదే వరండాలో మాట్లాడుకోవడం మానేసి నెలలు గడిచిన భార్యాభర్తలు అటొకరు ఇటొకరు కూర్చుంటారు. మధ్యలో వెళ్లి మాట్లాడేవారు లేరు. లోపలికి వెళ్లాక జడ్జి మొదటి పావుగంట ఈ కోర్టు ఏం తేల్చగలదో, ఏం తేల్చలేదో వివరిస్తారు. ఒకరు ఫోన్‌లో వాట్సాప్ మెసేజీలు చూపించబోతారు. రెండోవారు అవి తనకు ముందుగా ఇవ్వలేదంటారు. కాగితాలు పద్ధతిగా దాఖలు కాలేదు కాబట్టి మళ్లీ వాయిదా.

కోతల తర్వాతి మొదటి ఏడాదిలోనే ఇద్దరికీ లాయరు లేని కుటుంబ కేసులు 30 శాతం పెరిగాయని అదే ఆడిట్ నివేదిక చెప్పింది. న్యాయశాఖ పద్దులో డబ్బు మిగిలిన మాట నిజమే. దాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఆ భారం కోర్టు గుమాస్తాల మీదికి, జడ్జీల సమయం మీదికి, డాక్టర్ల మీదికి, ఉచిత సలహా కేంద్రాల మీదికి వెళ్లింది. కోత వల్ల మిగతా శాఖలకు ఎంత ఖర్చవుతుందో ముందుగా లెక్క చూసుకోలేదని ఆడిటర్లు తప్పుపట్టారు.

డబ్బు పంపకం దగ్గరికి వస్తే లాయరు లేని లోటు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంగ్లండ్ చట్టంలో ఆస్తి పంపకానికి లెక్క కట్టే సూత్రం అంటూ ఏదీ లేదు. 1973 నాటి వివాహ చట్టంలోని 25వ సెక్షన్ జడ్జి ఏమేం చూడాలో చెబుతుంది: పిల్లల అవసరాలు, ఇద్దరి ఆదాయం, వయసు, కాపురం ఎన్నేళ్లు సాగింది, ఇంటిని చూసుకున్నవారి శ్రమ, ఇలా. సగం సగమా, అరవై నలభయ్యా అనేది అక్కడ రాసిలేదు. అందుకే తనకు ఎంత రావాలో పుస్తకం చదివి తెలుసుకోవడం కుదరదు. ఇలాంటి కేసులు వంద చూసినవారికే ఒక అంచనా ఉంటుంది.

ఆ అంచనాకు ముందు ‘ఫామ్ ఈ’ అనే ఆర్థిక వివరాల పత్రం నింపాలి. పిల్లలు పడుకున్నాక వంటింటి టేబుల్ మీద దాన్ని పరుచుకుని కూర్చున్న మనిషిని ఊహించండి. పాతిక పేజీలు దాటే ఫారం. ప్రతి బ్యాంకు ఖాతాకు 12 నెలల స్టేట్‌మెంట్లు జతచేయాలి. ఇంటి విలువ, ఇంటి మీద మిగిలిన అప్పు, కట్టిన పన్ను, ఇన్సూరెన్స్, కారు, నగలు, తీసుకున్న అప్పులు, రేపటి నెల ఖర్చుల అంచనా అన్నీ రాయాలి. మధ్యలో పెన్షన్ గురించి ఒక గడి వస్తుంది. ఆ పెన్షన్‌ను ఇవాళ బదిలీ చేస్తే దాని విలువ ఎంతో సంస్థను అడిగి తెప్పించాలి. ఆ సమాధానానికి వారాలు పడుతుంది. చాలామంది అక్కడ పెన్ను ఆపేస్తారు. ఇల్లు నువ్వు ఉంచుకో, నా పెన్షన్ జోలికి రాకు అని అవతలివారు అంటే న్యాయంగానే ఉందనిపిస్తుంది. ఇరవై ఏళ్లు ఒకే చోట ఉద్యోగం చేసిన మనిషి పెన్షన్ ఇంటి విలువతో సమానంగా ఉండొచ్చని, ఒక్కోసారి దాన్ని మించొచ్చని, కోర్టు దాన్ని కూడా పంచగలదని చెప్పేవారు పక్కన లేరు. నష్టపోయిన సంగతి అరవై ఐదో ఏట తెలుస్తుంది. ఇలా నష్టపోయేవారిలో పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఆడవాళ్లే ఎక్కువ.

ఇద్దరికీ లాయరు లేకపోవడం ఒక రకం కష్టం. ఒకరికి ఉండి మరొకరికి లేకపోవడం వేరే రకం. ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు లాయరు దొరుకుతాడు. దీనికి విరుగుడుగా అదే లాస్పో చట్టంలో ఒక వెసులుబాటు పెట్టారు. డబ్బున్న జీవిత భాగస్వామి రెండోవారి లాయరు ఖర్చు భరించాలని కోర్టు ఆదేశించవచ్చు. మన హిందూ వివాహ చట్టంలో 24వ సెక్షన్ కింద కోర్టు ఖర్చులు అడిగే హక్కు లాంటిదే. చిక్కల్లా, ఆ ఆదేశం కోరుతూ దరఖాస్తు వేయడానికే లాయరు సాయం కావాలి. పైగా ఇద్దరూ పేదవాళ్లయితే అది ఎందుకూ కొరగాదు.

లాయరు లేకుండా కోర్టుకు వెళ్లేవారు పక్కన కూర్చోబెట్టుకునే సహాయకుణ్ని అక్కడ ‘మెకంజీ ఫ్రెండ్’ అంటారు. ఆ పేరు వచ్చిందే ఒక విడాకుల కేసు నుంచి. 1970లో మెకంజీ అనే భర్తకు కేసు మధ్యలో లీగల్ ఎయిడ్ ఆగిపోయింది. అతని పాత లాయర్లు, ఇంగ్లండ్‌లో వాదించే అర్హత లేని ఒక ఆస్ట్రేలియా బారిస్టర్‌ను అతని పక్కన కూర్చుని మెల్లగా సలహా చెప్పమని పంపారు. కింది జడ్జి ఒప్పుకోలేదు. అప్పీలు కోర్టు అది తప్పంది. నలభై ఏళ్ల తర్వాత ఆ వెసులుబాటే వేలమందికి ఆధారమైంది. ఈ సహాయకుల్లో మనసుపెట్టి సాయం చేసేవారున్నారు, గంటకింత అని ఫీజు తీసుకుంటూ ఏ శిక్షణా బీమా లేకుండా సలహాలిచ్చేవారూ ఉన్నారు. సలహా బెడిసికొడితే అడగడానికి ఎవరూ ఉండరు.

గృహహింస బాధితులకు ఇచ్చిన మినహాయింపు గురించి ఇప్పుడు మాట్లాడుకోవాలి. చట్టం రాసినవారి చిత్తశుద్ధిని ఇక్కడ శంకించక్కర్లేదు. వాళ్లను కాపాడాలనే అనుకున్నారు. కానీ ఏ కాగితాలు చూపాలో ఒక జాబితా పెట్టారు: పోలీసు కేసు, కోర్టు ఉత్తర్వు, డాక్టరు ఉత్తరం, ఆశ్రయ కేంద్రం ఇచ్చిన ధ్రువపత్రం వంటివి. అవి గత రెండేళ్లలోవే అయి ఉండాలి. మొదట ఆ గడువు ఏడాదే అనుకుని, పార్లమెంటులో ఒత్తిడి వచ్చాక రెండేళ్లు చేశారు. హింస అనుభవించే ఆడమనిషి పోలీసు స్టేషన్‌కు వెళ్లదని, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పదని మన ఇళ్లలో తెలియనివారెవరు? చెయ్యి చేసుకోకుండా జీతం మొత్తం లాక్కుని, కార్డు దాచేసి, బస్సు చార్జీకి కూడా అడుక్కునేలా చేసేవాడి మీద ఏ కాగితం ఉంటుంది? రైట్స్ ఆఫ్ విమెన్ అనే సంస్థ ఈ నిబంధనల మీద కోర్టుకెక్కింది. 2016 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు వాళ్లతో ఏకీభవించింది. రెండేళ్ల గడువు, ఆర్థిక వేధింపులకు చోటు లేకపోవడం చట్టం ఉద్దేశానికే విరుద్ధమంది. గడువును ముందు అయిదేళ్లకు పెంచి, 2018 జనవరిలో పూర్తిగా ఎత్తేశారు.

డాక్టరు ఉత్తరం సంగతి చిన్నదే గానీ చెప్పాలి. దెబ్బలు చూశానని, లేదా బాధితురాలు తనకు చెప్పుకుందని ఒక పేజీ రాసివ్వడానికి కొందరు డాక్టర్లు ఫీజు అడిగేవారు. యాభై పౌండ్లు, వంద పౌండ్లు, అంతకుమించి కూడా. డబ్బు లేకే లీగల్ ఎయిడ్ అడుగుతున్న మనిషి, ఆ సాయానికి అర్హత ఉందని నిరూపించడానికి డబ్బు కట్టాలి. ఈ ఫీజును నిషేధించడానికి 2021 గృహహింస చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షన్ రాయాల్సి వచ్చింది. ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ చట్టమే మరో ఘోరాన్ని కూడా ఆపింది. లాయరు లేని కేసులో సాక్షిని ఎవరు ప్రశ్నిస్తారు? ఎదుటి పక్షమే. అంటే తనను కొట్టాడని చెబుతున్న భార్యను ఆ భర్తే నిలబెట్టి, “ఆ రోజు నిజంగా ఏం జరిగిందో చెప్పు” అని గంటల తరబడి అడగవచ్చు. క్రిమినల్ కోర్టుల్లో అప్పటికే దీనికి అడ్డుకట్ట ఉంది, కుటుంబ కోర్టుల్లో లేదు. ఇది కుటుంబ న్యాయ వ్యవస్థకు మచ్చ అని హైకోర్టు జడ్జి హేడెన్ 2017లో ఒక తీర్పులోనే రాశారు. చివరికి 2022 జూలై నుంచి అలాంటి కేసుల్లో నేరుగా ప్రశ్నించడాన్ని నిషేధించి, ఆ పని కోసం కోర్టే ఒక లాయరును నియమించే పద్ధతి తెచ్చారు. ఆ ఫీజుకు ముందుకొచ్చే లాయర్లు చాలాచోట్ల దొరక్క వాయిదాలు పడుతున్నాయి.

కాగితాలున్నా ఆదాయ పరీక్ష దాటాలి. నెలకు మొత్తం ఆదాయం 2,657 పౌండ్లు మించకూడదు, తప్పనిసరి ఖర్చులు తీసేశాక 733 పౌండ్లు మించకూడదు, ఆస్తి 8,000 పౌండ్లు మించకూడదు. ధరలు ఎంత పెరిగినా ఈ అంకెలు ఏళ్ల తరబడి కదల్లేదు. 2021 జనవరి వరకు ఇంటి విలువ లెక్క కట్టేటప్పుడు ఇంటి అప్పులో లక్ష పౌండ్లకు మించిన భాగాన్ని తీసేసేవారు కాదు. ఇల్లంతా అప్పే అయినా, అమ్మడానికి భర్త సంతకం పెట్టకపోయినా, కాగితం మీద ఆమె ఆస్తిపరురాలే. గృహహింసకు గురైన ఒక తల్లి హైకోర్టుకు వెళ్లాకే ఆ నిబంధన మారింది. మినహాయింపుగా సాయం కోరే దారి కూడా ఒకటి చట్టంలో ఉంది. మొదటి ఏడాది సుమారు 1,500 మంది అడిగితే సుమారు 70 మందికి దొరికింది.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఈ విషయంలో ఇంకో చిక్కుంది. పెళ్లి తిరుపతిలోనో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో హిందూ వివాహ చట్టం కింద జరిగి ఉంటుంది, విడాకులు లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో తీసుకుంటారు. 2022 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్‌లో ఎవరి తప్పూ చూపక్కర్లేదు. కాపురం కోలుకోలేనంతగా చెడిందని ఒకరు ఆన్‌లైన్‌లో రాస్తే చాలు, 20 వారాలు ఒకసారి, ఆపై 6 వారాలు ఆగితే పని అయిపోతుంది. లాయరు అక్కర్లేదనిపిస్తుంది. ఆ కాగితం మన దేశంలో చెల్లుతుందా అన్న ప్రశ్న చాలామందికి తట్టదు.

దీనికి సమాధానం ఒక తెలుగు జంట కేసులోనే ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లయింది. కొన్నేళ్లకు విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టులో, కాపురం చెడిపోయిందన్న కారణంతో విడాకుల డిక్రీ తెచ్చుకుని 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య రెండో పెళ్లి నేరం కింద కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మిస్సోరీ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో తీర్పు వచ్చింది. లా చదివినవాళ్లు దీన్ని నరసింహారావు కేసు అంటారు. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణంతో, ఆ చట్టం ఒప్పుకునే కోర్టో, అవతలివారు స్థిరంగా ఉంటున్న చోటి కోర్టో, వాళ్లు తమంతట తాముగా వచ్చి వాదించిన కోర్టో విడాకులిచ్చి ఉండాలి, లేదా అవతలివారు విడాకులకు సమ్మతించాలి. స్థూలంగా ఆ తీర్పు చెప్పింది ఇది. కాపురం కోలుకోలేనంతగా చెడిందన్న ఒక్క కారణం హిందూ వివాహ చట్టంలో విడాకులకు ఆధారంగా ఇప్పటికీ లేదు. కాబట్టి ఒక్కరే వేసిన ఇంగ్లండ్ విడాకుల మీద ఇక్కడ గొడవ వస్తే నిలబడుతుందో లేదో చెప్పలేం. ఇద్దరూ కలిసి ఉమ్మడిగా దరఖాస్తు చేస్తే సమ్మతి కనిపిస్తుంది, స్థితి మెరుగ్గా ఉంటుంది. 2022 నుంచి అక్కడ ఉమ్మడి దరఖాస్తుకు వీలుంది కూడా. ఈ ఒక్క సలహా మొదట్లో అందితే తర్వాతి పదేళ్ల టెన్షన్ తప్పుతుంది. రెండు దేశాల చట్టం తెలిసిన లాయరుతో అరగంట మాట్లాడితే తేలే విషయం.

డిపెండెంట్ వీసా మీద వెళ్లిన భార్యల పరిస్థితి మరీ ఇబ్బంది. కాపురం పోతే వీసా కూడా పోతుందన్న భయం ఉంటుంది. వీసా మీద ప్రభుత్వ నిధులకు అర్హత లేదని రాసి ఉంటుంది కాబట్టి లీగల్ ఎయిడ్ కూడా తమకు రాదనుకుంటారు. నిజానికి ఆ నిషేధ జాబితాలో లీగల్ ఎయిడ్ లేదు. గృహహింస ఆధారం, ఆదాయ పరిమితి సరిపోతే అడగవచ్చు. ఈ సంగతి చెప్పే మొదటి మనిషి కూడా లాయరే అయి ఉండాల్సింది.

ఇదే సమయంలో స్కాట్లాండ్ తన వేరే చట్టం కింద విడాకులకు లీగల్ ఎయిడ్ కొనసాగించింది. మన దేశంలో 1987 చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 12వ సెక్షన్‌లో ఆ మాట సూటిగా ఉంది. మండల కేంద్రం దాకా న్యాయ సేవా కమిటీలున్నాయి. వాటి ద్వారా వచ్చే లాయరు ఎంత శ్రద్ధగా పనిచేస్తారన్నది వేరే చర్చ, అందులో చాలా లోపాలున్నాయి. కానీ ఆ హక్కు పుస్తకంలో ఉంది. విజయనగరం జిల్లా నుంచి విడాకుల కోసం కోర్టుకు వెళ్లే ఇల్లాలికి ఉన్న ఆ హక్కు బర్మింగ్‌హామ్‌లో ఉండే ఆమె అక్కకు లేదు.

2021 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం మీడియేషన్‌కు వెళ్లే కుటుంబాలకు 500 పౌండ్ల వోచర్ ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్లల విషయంలో తగాదా ఉన్నవారికి అది దొరుకుతుంది, దానికి ఆదాయ పరీక్ష లేదు. వేలాది కుటుంబాలు వాడుకున్నాయి. కోర్టు దాకా వెళ్లకుండా ఆపడానికి డబ్బు పెట్టక తప్పదని అక్కడి ప్రభుత్వం ఆలస్యంగానైనా ఒప్పుకున్నట్టే. 2013కు ముందు విడాకుల కోసం వచ్చిన మనిషికి కుటుంబ సొలిసిటర్ మొదటి దశ సలహా చెప్పి, కాగితాలు చూసి, మీడియేటర్ దగ్గరికి పంపినందుకు లీగల్ ఎయిడ్ నుంచి వచ్చిన స్థిర ఫీజు వంద పౌండ్లలోపే.